చెవి జబ్బుల మీద శిక్షణ: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఉన్న దారులేమిటి?

వంశధార_గట్టు (శ్రీకాకుళం)
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ చదివాను, హౌస్‌సర్జన్సీ ఆఖరికొచ్చింది. ఈఎన్‌టీ పోస్టింగు ఇచ్చేది రెండు వారాలే. అవి అయ్యాక నాకు వేరే డిపార్టుమెంటు మీదకి మనసు పోవడం లేదు. మా ఓపీకి చెవి కారుతోందని వచ్చేవాళ్లు చాలా ఎక్కువ. చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంది బాబూ, అది మామూలే అంటారు. ఒక పెద్దాయన చెవిలో చీము అంతా తీశాక మా సార్ నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. కర్ణభేరి పైభాగంలో చెక్కు కట్టి ఉంది. దాన్ని మెల్లగా లేపితే కింద ముత్యంలా తెల్లగా పొరలు. "ఇది ఎముకని తినేసే రకం, ఈయన్ని ఇంటికి పంపకూడదు" అన్నారు. కొలెస్టియటోమా గురించి పుస్తకంలో చదవడం వేరు, అలా చూడడం వేరు.

నేను అడిగేది మూడు సంగతులు. చెవి జబ్బుల మీదే ప్రత్యేకంగా చదవాలంటే దారి ఎలా ఉంటుంది? పీజీ సీటు వచ్చేలోపు మన జిల్లాలోనే ఉండి నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా? బయట జరిగే చిన్న చిన్న కోర్సులకి డబ్బు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెబితే నాతోపాటు ఇంకా నలుగురికి ఉపయోగపడుతుంది.

కర్ణభేరి (విజయనగరం, ఈఎన్‌టీ సర్జన్)
శుక్రవారం, రాత్రి 11:15

తమ్ముడూ, మంచి ప్రశ్నలు వేశావు. వరసగా చెబుతాను.

మన దేశంలో ఎంబీబీఎస్ కాగానే చెవి ఒక్కదాని మీదే చేరే పీజీ లేదు. ఈఎన్‌టీ మొత్తం చదివి, అప్పుడు చెవి వైపు తిరగాలి. ఎంఎస్ మూడేళ్లు. నేషనల్ బోర్డు వాళ్లిచ్చే డీఎన్‌బీ కూడా మూడేళ్లే. వాళ్లదే రెండేళ్ల డిప్లొమా ఉంది, అది అయ్యాక ఇంకో పరీక్ష రాసి రెండేళ్ల డీఎన్‌బీలో చేరొచ్చు. మొదటి మూడిటికీ నీట్ పీజీ ర్యాంకే ఆధారం. నువ్వు పీహెచ్‌సీలో చేరితే ఇన్‌సర్వీస్ కోటా (ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకి ఇచ్చే సీట్లు) కూడా చూసుకో. అందులో శాతాలూ సర్వీసు నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివాకే లెక్క వేసుకో.

మనకి దగ్గర్లో పెద్ద చోటు విశాఖపట్నం. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా అక్కడ ఈఎన్‌టీకి విడిగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇచ్ఛాపురం నుంచి పాడేరు దాకా చెవి రోగులు అక్కడికే చేరతారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా అలాంటిదే. మన జిల్లాల్లో నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్, శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీ, 2023లో తెరిచిన విజయనగరం ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. ఈఎన్‌టీ పీజీ సీట్లు ఏటా మారుతుంటాయి, కౌన్సెలింగ్ పట్టికలో చూసుకోవాలి.

సీటు ఎంచుకునే రోజు కాలేజీ పేరు చూసి మురిసిపోకు. అక్కడి రెండో ఏడు పీజీకి ఫోన్ చెయ్యి. నెలకి మాస్టాయిడ్ (చెవి వెనకాల ఎముక) ఆపరేషన్లు ఎన్నవుతాయి, డ్రిల్లు పీజీ చేతికి ఎప్పుడిస్తారు, టెంపోరల్ బోన్ (చెవి ఉండే తల ఎముక) ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుంది అని అడుగు. తాళం డిపార్టుమెంటు హెడ్ బీరువాలో ఉందంటే ఆ ల్యాబు లేనట్టే లెక్క.

టెంపోరల్ బోన్ గురించి ఎందుకింత చెబుతున్నానంటే, చెవి శస్త్రచికిత్స అంతా ఆ ఎముకలోనే ఉంది. చెవి వెనకాల కోసి, కండ పొర పక్కకి జరిపాక కనిపించేది తెల్లటి ఎముక ముఖం ఒక్కటే. చెవి రంధ్రం పై అంచు వెనకాల చిన్న ముల్లులాంటి మొన, దాని పక్కన త్రికోణంలాంటి పల్లం. అక్కడ తొలవడం మొదలుపెడితే పెద్దవాళ్లలో దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున ఏంట్రమ్ అనే గది దొరుకుతుంది. పైన మెదడు పొర, వెనక పెద్ద సిర, ముందు లోపలగా ముఖాన్ని కదిలించే నరం. ఎముక పల్చబడేకొద్దీ పైన గులాబీ రంగు, వెనక నీలం రంగు తొంగిచూస్తాయి. డ్రిల్లు చప్పుడు కూడా మారుతుంది. ఆ రంగూ ఆ చప్పుడూ చెయ్యి గుర్తుపట్టేదాకా బతికున్న మనిషి చెవి మీద డ్రిల్లు పెట్టకూడదు. శవపు ఎముక మీద తొలిచి తొలిచి నేర్చుకోవాల్సిందే.

ఇచ్ఛాపురం_నుంచి (ఇచ్ఛాపురం)
శనివారం, ఉదయం 7:05

డాక్టర్ గారు చెప్పింది బాగుంది గానీ నాదొక మాట. మా అన్నయ్య ఈఎన్‌టీ చేశాడు, ఇప్పుడు బయట రాష్ట్రంలో ఉన్నాడు. చెవి మీద నిజంగా పైకి రావాలంటే విదేశాలకి వెళ్లి రావాలంటాడు. లాస్ ఏంజిలస్‌లో హౌస్ అనే డాక్టర్ల కుటుంబం వాళ్ల సంస్థ, ఇటలీలో పియాచెంజాలో మారియో సన్నా గారి కేంద్రం, ఇలాంటి చోట్ల చూసినవాడికీ ఇక్కడే ఉండిపోయినవాడికీ తేడా ఉంటుంది కదా. మాకు చెవి నొప్పి వస్తే విశాఖ కంటే బరంపురం దగ్గర, అక్కడికే పరిగెడతాం. ఊళ్లో ఉండి ఏం నేర్చుకుంటారు?

కర్ణభేరి (విజయనగరం, ఈఎన్‌టీ సర్జన్)
శనివారం, మధ్యాహ్నం 2:30

ఆ చోట్ల గొప్పతనం కాదనను. 1961లో మనిషికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టిన విలియం హౌస్ పనిచేసింది లాస్ ఏంజిలస్‌లోనే. లోపలి చెవి దగ్గరి కణితుల శస్త్రచికిత్స గురించి పియాచెంజా నుంచి వచ్చిన పుస్తకాలు మేమంతా చదువుతాం.

కానీ కుర్రాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ దేశంలో లైసెన్సు లేనివాళ్లకి అక్కడ దొరికేది ఎక్కువగా అబ్జర్వర్‌షిప్పే. ఆపరేషన్ గదిలో వెనక నిలబడి తెర మీద చూడాలి, రోగిని ముట్టుకోనివ్వరు. ఎముకలు తొలిచే కోర్సుల్లో మాత్రం చేత్తో చేయనిస్తారు. కాబట్టి చెయ్యి తిరిగాక వెళితే ఆ చూపు పనికొస్తుంది. ముందే వెళితే ఏం చూస్తున్నారో తెలియదు. ఎంఎస్ కాగానే అప్పు చేసి వెళ్లేవాళ్లని చూస్తే నాకు బాధ.

ఎంఎస్ తర్వాత చెవి మీద ఫెలోషిప్పులు మన దేశంలోనే ఉన్నాయి. చెన్నైలో మోహన్ కామేశ్వరన్ గారి మద్రాస్ ఈఎన్‌టీ రీసెర్చ్ ఫౌండేషన్ కాక్లియర్ ఇంప్లాంట్లకి పేరున్న చోటు. దక్షిణాదిలో చాలామంది చెవి సర్జన్లు అక్కడ కొంతకాలం ఉండి వచ్చినవాళ్లే. ఇంకా ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓటాలజీ ఏటా పెట్టే ఐసోకాన్ సభలు, ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం శాఖలు పెట్టే లైవ్ సర్జరీ వర్క్‌షాపులు. పీజీలు వాటికి తప్పకుండా వెళ్లాలి. సర్జన్ తొలుస్తూ మాట్లాడతారు, కింద నుంచి ప్రశ్నలు అడగొచ్చు, ఎక్కడ ఆగారో ఎందుకు ఆగారో చెబుతారు. వీడియోలో ఆ ఆగిన చోటు కత్తిరించేస్తారు.

సముద్రపు_హోరు (విశాఖలో పీజీ, సొంతూరు చీపురుపల్లి)
శనివారం, సాయంత్రం 6:50

నేను మొదటేడు పీజీని. చిన్న కోర్సుల సంగతి నాకు తెలిసినంత చెబుతాను. టెంపోరల్ బోన్ కోర్సులు రెండు మూడు రోజుల నుంచి వారం దాకా ఉంటాయి. నేను వెళ్లినదాని పేరు చెప్పను. కరపత్రంలో ఒక్కొక్కరికీ ఒక ఎముక అని వేశారు. వెళ్లాక చూస్తే ఇద్దరికి ఒకటి. ఒకరు తొలుస్తుంటే ఇంకొకరు నీళ్లు పట్టుకుని కూర్చోవాలి. డబ్బు కట్టేముందు ఇవి అడగండి: ఎముక ఒక్కరికేనా? అది తాజాదా, ఫార్మాలిన్‌లో ఉంచినదా? టేబుల్‌కి ఒక సీనియర్ ఉంటారా? వజ్రపు బర్రులు (డ్రిల్లుకి తగిలించే తొలిచే మొనలు) మనకీ ఇస్తారా, డెమో ఇచ్చేవారికేనా?

నరం దగ్గరికి వచ్చేసరికి కోసే బర్ర పక్కన పెట్టి వజ్రపు బర్ర పట్టుకోవాలి. నీళ్లు ఆపకుండా పోస్తూనే ఉండాలి. లేకపోతే ఆ వేడికే నరం దెబ్బతింటుంది. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. ఎముక మీద వేలు పెట్టాక గానీ ఒంటపట్టలేదు.

బొబ్బిలి_అమ్మ (బొబ్బిలి)
శనివారం, రాత్రి 8:20

నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఎంబీబీఎస్ సీటు వచ్చే మార్కులు కావు, ఆ మాట తనే చెబుతోంది. మా చెల్లెలి కొడుకు పుట్టుచెవుడు. వాడికి ఆపరేషన్ అయ్యాక మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి మా అమ్మాయే తోడు వెళ్లేది. వాడు మొదటిసారి "అత్త" అని పిలిచిన రోజు నుంచీ ఇదే చదువుతానంటోంది. డాక్టర్ చదవకుండా చెవి గురించి చదువుకునే దారి ఉందా? ఉంటే ఎక్కడ? ఆడపిల్లని ఎంత దూరం పంపాలి?

శ్రవణం (విజయనగరం, ఆడియాలజిస్ట్)
శనివారం, రాత్రి 10:45

అమ్మా, దారి ఉంది, అది చాలా మంచి దారి. నేను చదివింది అదే.

కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ. వినికిడి, మాట, రెండూ నేర్పుతారు. నాలుగేళ్లు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత కావాలంటే రెండేళ్ల మాస్టర్స్. దేశంలో పెద్ద సంస్థ మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేస్తుంది. రెండోది ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. స్వీకార్ అకాడమీ కూడా సికింద్రాబాద్‌లోనే. మన వైపు నుంచి సికింద్రాబాద్ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, మాలో చాలామంది అలా చదువుకున్నవాళ్లమే. ప్రవేశాల పద్ధతి ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చేరే కాలేజీకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి, కాలేజీ వాళ్ల మాట మీద నమ్మొద్దు. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు. అది లేకుండా ప్రాక్టీసు చేయడం చట్టరీత్యా నేరం.

నాలుగేళ్లు కష్టమనుకుంటే ఇంటర్ తర్వాత ఒక్క ఏడాది డిప్లొమా ఉంది, డీహెచ్ఎల్ఎస్ అంటారు. వినికిడి పరీక్షలు చేయడానికీ, పిల్లల దగ్గర సహాయకులుగా ఉండడానికీ అది పనికొస్తుంది. వినికిడి యంత్రాల మరమ్మతు, చెవి అచ్చుల తయారీ నేర్పే డిప్లొమా మైసూరులో ఉంది. అచ్చు సరిగా కుదరకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఈల వేస్తుంది, పిల్లాడు పీకి పారేస్తాడు. ఆ పని బాగా తెలిసినవాళ్లు మన వైపు బాగా తక్కువ.

మీ చెల్లెలి కొడుకు సంగతి చెప్పారు కాబట్టి ఇదీ చెబుతాను. ఇంప్లాంట్ పెట్టడం కొన్ని గంటల పని. ఆ తర్వాత దాన్ని ఆ పిల్లాడి చెవికి తగ్గట్టు సర్దడం, శబ్దం వినిపిస్తే తల తిప్పడం నేర్పడం, మాట దాకా తీసుకురావడం ఏళ్ల తరబడి సాగుతుంది. అదంతా ఆడియాలజిస్టులూ స్పీచ్ థెరపిస్టులూ చేసే పని. మన ఊరి యాస తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే పిల్లలు ఎంత తొందరగా పలుకుతారో నేను రోజూ చూస్తున్నాను. వాళ్లమ్మ ఇంట్లో "ఇలా రా గుంటా" అని పిలుస్తుంటే, థెరపీలో పుస్తకం మాటలు పెడితే ఆ బిడ్డ దేన్ని పట్టుకోవాలి? మీ అమ్మాయిలాంటివాళ్లు ఈ పనిలోకి రావాలి. తప్పకుండా చదివించండి.

ఉద్దానం_పీహెచ్‌సీ (పలాస వైపు, మెడికల్ ఆఫీసర్)
ఆదివారం, ఉదయం 10:10

ఈ చర్చలో మాలాంటి పీహెచ్‌సీ డాక్టర్ల మాట రాలేదు. మేం సర్జన్లం కాము, అయ్యే ఉద్దేశమూ లేదు. కానీ చెవి నొప్పి, చెవి పోటు, హోరు, తల తిరగడం అని ముందు వచ్చేది మా దగ్గరికే.

మా ప్రాంతంలో ఇంకో కష్టం ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు, 2023 డిసెంబరులో పలాసలో దానికోసం 200 పడకల ఆసుపత్రి తెరిచారు. కిడ్నీ సరిగా పనిచేయని మనిషికి జ్వరం వస్తే ఎవరో జెంటామైసిన్ సూదో అమికాసినో వేసేస్తారు. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోదు, లోపలి చెవిలో పేరుకుంటుంది. పైగా ఒళ్లు నీరు పట్టిందని ఫ్యూరోసెమైడ్ కూడా తోడైతే దెబ్బ ఇంకా ఎక్కువ. అమికాసిన్ వినికిడిని తినేస్తే జెంటామైసిన్ ఎక్కువగా బ్యాలెన్సుని తీసేస్తుంది. లోపలి రోమకణాలు ఒకసారి పోతే తిరిగి పుట్టవు. చీకట్లో నడుస్తుంటే పడిపోతున్నానని వచ్చేవాళ్లని కిడ్నీ నీరసం అనుకుని పంపించేస్తారు. వాళ్ల మందుల చీటీలు ఎవరూ తిరగేసి చూడరు.

ఇది మాకు ఎవరూ నేర్పలేదు. మాలాంటి వాళ్లకి ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునే శిక్షణ ఎక్కడుంది?

కర్ణభేరి (విజయనగరం, ఈఎన్‌టీ సర్జన్)
ఆదివారం, మధ్యాహ్నం 12:40

డాక్టర్ గారూ, ఈ మాట మీరు రాసినందుకు చాలా సంతోషం. పీజీ సీటు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

కేంద్ర ప్రభుత్వం 2007 ప్రాంతంలో 25 జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత విస్తరించిన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం ఉంది. ఈఎన్‌టీ సర్జన్ నుంచి పీహెచ్‌సీ డాక్టరు, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ దాకా ఒక్కో స్థాయికీ శిక్షణ అందులో ఉంది. జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ప్రోగ్రాం ఆఫీసరుని అడిగి, వచ్చే బ్యాచ్‌లో మీ పేరు రాయించుకోండి. అడిగేవాళ్లు లేకపోతే బ్యాచ్‌లే పెట్టరు. ఒక పీహెచ్‌సీ నుంచి లేఖ వెళ్లడం కన్నా నలుగురు మెడికల్ ఆఫీసర్లు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే పని తొందరగా కదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ప్రాథమిక చెవి, వినికిడి సంరక్షణ శిక్షణ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, 2023లో కొత్తది వచ్చింది. మీలాంటి డాక్టర్ల కోసమూ ఆరోగ్య కార్యకర్తల కోసమూ రాసిందే.

ఈలోగా ఒక 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, చెవి లోపల చూసే ఒక మంచి ఆటోస్కోపు కొనిపించండి. నిన్న రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి ఒక చెవి వినిపించడం లేదని ఎవరైనా వస్తే, గుబిలి అనుకుని నూనె చుక్కలు రాయకూడదు. ఫోర్కు నుదుటి మీద పెట్టండి. శబ్దం బాగున్న చెవి వైపుకి వెళితే లోపలి చెవి దెబ్బతిన్నట్టు. అది అత్యవసరం, ఆ రోజే ఈఎన్‌టీకి పంపాలి. స్టెరాయిడ్ ఎంత తొందరగా మొదలైతే అంత ఆశ. దెబ్బతిన్న చెవి వైపుకే వెళితే గుబిలి గానీ చీము గానీ అడ్డమున్నట్టు, లేదా కర్ణభేరికి చిల్లున్నట్టు, దానికి అంత తొందర లేదు.

ఆటోస్కోపు పెట్టేటప్పుడు పెద్దవాళ్ల చెవి డొప్పని పైకి వెనక్కి లాగాలి, పసిపిల్లలకైతే కిందికి వెనక్కి. ఓపీకి వచ్చిన ప్రతివాళ్ల చెవీ చూడండి, కాలునొప్పికి వచ్చినవాళ్లదైనా సరే. బాగున్న కర్ణభేరి ఎలా ఉంటుందో కంటికి బాగా అలవాటైతే బాగోనిది దానంతటదే పట్టుబడుతుంది. పైభాగంలో చెక్కు కనిపిస్తే మాత్రం అది గుబిలి అని వదలకండి.

కొండదారి_ఏఎన్‌ఎం (మెళియాపుట్టి మండలం)
ఆదివారం, సాయంత్రం 4:25

సార్, మాలాంటోళ్లకి కూడా ఏదైనా చెప్పండి. మా సవర గూడేల్లో పిల్లలకి చెవి కారడం చాలా ఎక్కువ. జలుబు సేస్తే చాలు, చెవి కారతాది. తల్లులు వెల్లుల్లి కాచిన నూనె పోస్తారు, పసరు పిండుతారు, పిన్నీసుతో తీస్తారు. వద్దంటే "మరేటి సెయ్యాల?" అంటారు. నా దగ్గర మరో మాట లేదు.

శ్రవణం (విజయనగరం, ఆడియాలజిస్ట్)
ఆదివారం, సాయంత్రం 7:00

అక్కా, మీరు అడిగిన దానికి సమాధానం ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలోనే ఉంది, మీరు చేయగలిగిందే. చెవిని ఆరబెట్టడం. చేతులు కడుక్కుని, శుభ్రమైన దూదిని సన్నగా వత్తిలా చేసి, చెవి రంధ్రంలో మెల్లగా పెట్టి చీము పీల్చుకోనిచ్చి తీసెయ్యాలి. మళ్లీ కొత్త వత్తి. పొడిగా వచ్చేదాకా అలాగే. అప్పుడు డాక్టరు రాసిన చుక్కలు వేస్తే మందు లోపలికి దిగుతుంది, చీము మీద వేస్తే వేసినట్టే బయటికొస్తుంది. తల్లికి ఎదురుగా చేసి చూపించి, తర్వాత ఆవిడ చేత చేయించండి. చెవి కారే పిల్లలు ఏటిలో మునిగి స్నానం చేయకూడదు.

చెవి వెనకాల వాచినా, మూతి ఒక పక్కకి పోయినా, జ్వరంతో తలనొప్పీ వాంతులూ ఉన్నా, చీము కొంచెమే ఉండి కుళ్లు వాసన వస్తున్నా ఆ రోజే పంపించెయ్యండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందం బడికి వచ్చినప్పుడు చెవి కారే పిల్లల పేర్లు ముందే రాసి పెట్టుకుని చేతికివ్వండి. ఆ పిల్లలు జిల్లా కేంద్రంలో మాలాంటి వాళ్ల దగ్గరికి వస్తారు. పసిపిల్లల సంగతి ఇంకోటి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు జబ్బు తేల్చడం, ఆరు నెలల్లోపు యంత్రం గానీ చికిత్స గానీ మొదలవ్వాలి. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడని బిడ్డ ఉంటే, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని ఎవరన్నా ఊరుకోకండి.

మిల్లు_సైరన్ (నెల్లిమర్ల)
ఆదివారం, రాత్రి 9:30

నేను డాక్టర్నీ కాదు, చదువుకునేవాణ్నీ కాదు. మా నాన్న జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఎదురుగా అరిస్తే గానీ వినబడదు. మా ఇంట్లో టీవీ వీధి చివరికి వినిపిస్తుంది. మా అన్నయ్య ఇప్పుడదే షెడ్డులో చేస్తున్నాడు. రాత్రి ఇంటికొచ్చాక చెవిలో ఈల మోగుతోందంటాడు. మా వీధిలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంతమంది చెవుల గురించి చదువుతున్నారు కదా, ఈ చెవుల గురించి ఎవరైనా చదువుతారా?

సముద్రపు_హోరు (విశాఖలో పీజీ, సొంతూరు చీపురుపల్లి)
ఆదివారం, రాత్రి 10:20

అన్నా, నేను చదువుతాను. నిజంగానే అంటున్నాను. నాకు ఇంకా థీసిస్ టాపిక్ ఖరారు కాలేదు. చిల్లు మూసే ఆపరేషన్లలో ఏ పద్ధతి మేలు అనే టాపిక్కులే అందరం చేస్తున్నాం. కర్ణభేరి సార్, జూట్ కార్మికుల వినికిడి మీద చేస్తే ఒప్పుకుంటారా? మా చీపురుపల్లికి నెల్లిమర్ల ఎంతో దూరం కాదు.

కర్ణభేరి (విజయనగరం, ఈఎన్‌టీ సర్జన్)
ఆదివారం, రాత్రి 11:30

తప్పకుండా చెయ్యి. ఎథిక్స్ కమిటీ అనుమతి, మిల్లు యాజమాన్యం అనుమతి, ఒక్కొక్క కార్మికుడి అంగీకారం, మూడూ కావాలి. యూనియన్ వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడు. పరీక్షలో చెవుడు తేలితే ఉద్యోగం పోతుందేమోనని కార్మికులకి భయం ఉంటుంది. ఎవరి ఫలితం వాళ్లకే ఇస్తామని రాసి ఇవ్వాలి. పాత ఫ్యాక్టరీల చట్టం కింది నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు పెట్టారు. షెడ్డులో మీటరు పెట్టి నువ్వే కొలువు. మాట అరిచి చెప్పాల్సి వచ్చే చోట ఆ హద్దు దాటి ఉండే అవకాశమే ఎక్కువ.

శబ్దం దెబ్బ ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) ముందు 4000 హెర్ట్జ్ దగ్గర పల్లంలా కనిపిస్తుంది. మామూలు మాటల్లో తేడా తెలియని రోజుల్లోనే అది బయటపడుతుంది. మగ్గాల దగ్గరికి కొత్తగా చేరిన కుర్రాళ్లని పట్టుకుంటే ఇయర్ ప్లగ్గులు కాపాడగలిగే చెవులు ఇంకా ఉంటాయి. పీజీలకి జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల పోస్టింగు తప్పనిసరి కదా, దాన్ని విజయనగరం జిల్లాలో వేయించుకునే ప్రయత్నం చెయ్యి. ఆ మూడు నెలలూ నీ థీసిస్‌కి కలిసొస్తాయి.

వంశధార_గట్టు (శ్రీకాకుళం)
సోమవారం, ఉదయం 6:40

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. ఒక్కటి మిగిలింది. నీట్‌కి చదువుకుంటూనే రోజుకి ఒక గంట చేతికి పని చెప్పాలనుంది. ఎముకలు నాకిప్పుడు దొరకవు. ఏం చెయ్యమంటారు?

సముద్రపు_హోరు (విశాఖలో పీజీ, సొంతూరు చీపురుపల్లి)
సోమవారం, ఉదయం 8:15

కోడిగుడ్డుతో మొదలుపెట్టు. చిన్న చేతి డ్రిల్లు, సన్నటి గుండ్రటి బర్ర సంపాదించి, పచ్చి గుడ్డు పెంకుని రూపాయి బిళ్లంత మేర తొలిచి తియ్యాలి. లోపలి పొర చిరగకూడదు, సొన బయటికి రాకూడదు. మోచేతులు బల్ల మీద ఆనించి, చిటికెన వేలు గుడ్డు పక్కన ఆనించి పట్టుకో. బర్ర మొనతో గుచ్చకు, పక్కతో చెక్కు. పైనుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుండాలి. మా సీనియర్లు ఇలాగే మొదలుపెట్టించారు.

కంప్యూటర్ మీద అయితే డెన్మార్క్ వాళ్లు చేసిన విజిబుల్ ఇయర్ సిమ్యులేటర్ ఉంది. ఉచితం. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. అందులో టెంపోరల్ బోన్‌ని పొరలు పొరలుగా తొలవొచ్చు. చేతికి ఎముక బరువు తెలియదు గానీ, నరం ఏ లోతులో ఎటు తిరుగుతుందో కళ్లు మూసుకున్నా కనిపించేదాకా చెయ్యొచ్చు.

కర్ణభేరి (విజయనగరం, ఈఎన్‌టీ సర్జన్)
సోమవారం, ఉదయం 9:05

దాంతోపాటు వారంలో ఒక పూట మీ కాలేజీ ఈఎన్‌టీ ఓపీలో చెవులు శుభ్రం చేసే మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటానని మీ ప్రొఫెసరుని అడుగు. హౌస్‌సర్జన్సీ అయిపోయినా అడగొచ్చు, రాతపూర్వకంగా అడిగితే చాలామంది కాదనరు. సక్షన్ గొట్టం పట్టుకోవడం, రోగికి నొప్పి తెలియకుండా చీము తియ్యడం అక్కడే వస్తుంది. చూసిన ప్రతి చెవినీ నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకో, చిల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకో.

మిల్లు_సైరన్ (నెల్లిమర్ల)
సోమవారం, మధ్యాహ్నం 1:10

చీపురుపల్లి తమ్ముడూ, నీ మాట నమ్ముతున్నాను. మా అన్నయ్యనీ వాళ్ల షెడ్డు వాళ్లు కొంతమందినీ నేనే ఒప్పిస్తాను. ముందు అన్నయ్యని పరీక్షకి ఎప్పుడు తీసుకురమ్మంటారు? రాత్రి షిఫ్టు దిగగానే పొద్దున్నే తెచ్చెయ్యనా?

శ్రవణం (విజయనగరం, ఆడియాలజిస్ట్)
సోమవారం, మధ్యాహ్నం 2:00

షిఫ్టు దిగగానే వద్దన్నా. మగ్గాల చప్పుడుకి చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది, ఉన్నదానికంటే ఎక్కువ చెవుడు చూపిస్తుంది. చప్పుడుకి దూరంగా కనీసం పదహారు గంటలైనా గడవాలి. వారం సెలవు మర్నాడు, షిఫ్టు ఎక్కకముందు తీసుకురండి. ఆ ముందు రోజు చెవిలో హెడ్‌సెట్లు పెట్టుకోవద్దని, గుబిలి తీసుకోవాలని పుల్లలు పెట్టొద్దని చెప్పండి. గుబిలి ఉంటే మేమే తీసి పరీక్ష చేస్తాం. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకురండి, ఆయనకి వినికిడి యంత్రం పనికొస్తుందేమో అదే రోజు చూస్తాను.